శ్రవణము ముందు, కీర్తనము పిదప

బెంగుళూరునుండి ఆగ్నేయముగా 40 కిలోమీటరులు ప్రయాణించి, అత్తిబెలె దాటి, కర్ణాటకమును విడిచి తమిళనాట అడుగిడిన బాటసారికి మొదట ఎదురగు పెద్ద పట్టణము హొసూరు. ఆ హొసూరునకు ఆనుకొని, 1924వ సంవత్సరమునుండి ప్రభుత్వ పశుక్షేత్రమునకు నెలవై, అంతకు పూర్వము సైన్యపు గుఱ్ఱములు మేసిన పచ్చికబయళ్ళను కొంతవఱకు నేటికిని నిలుపుకొనియున్న ఊరు మత్తిగిరి. ఇచ్చటి సంతలో బేరము తమిళమున మొదలై, కన్నడమున సాగి, తెలుగున తెగుట వింత గాదు. బాగలూరు, బేరికె, సూళగిరి, కెలమంగలము, తళి, డెంకణికోట మొదలగు చుట్టుపట్ల ఊళ్ళలో తెలుగు ఎన్నియో ఇండ్లకు తరతరముల ఇంటిభాష. పాలించు కచేరీలు మాత్రము మాఱుచు వచ్చినవి: సేలము జిల్లాలోని ఈ సీమ 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును చెందినది, తనకు తానొక పట్టణ పంచాయతీగానుండిన మత్తిగిరి హొసూరులో కలిసిపోయినది, ఆ హొసూరు 2019లో నగరపాలక సంస్థ యైనది. పటముపై గీతలు ఇన్నిమారులు చెఱిగి మఱల పడినను, తొట్టిలలోని బిడ్డకు అవ్వ పాడు జోలపాటకు ఏ సరిహద్దును అడ్డు రాలేదు.

బెంగుళూరు నగరమున కొన్ని యేండ్లుగా ఒక గానపద్ధతి వేళ్ళూనినది. ఏ పెద్ద సంస్థ అండయు లేక, తమ పాటను తామే కట్టుకొని, జానపదపు బాణీకి గిటారును కంజిరను జతచేసి, ఏబది అఱువది మంది ఎదుట, చేయి చాచిన అందునంత దగ్గఱగా కూర్చుండి పాడు ఈ పద్ధతిని అచ్చటివారు ‘ఇండీ ఫోక్’ అనియు, ఆ చిన్న కూటములను ‘లైవ్ సెషన్’ లనియు వ్యవహరింతురు. అట్టి కూటమును మత్తిగిరిలో నడపవలెనని, తన అవ్వ పాడిన పాటలనే అందు పాడింపవలెనని, దానికి ప్రకటనలు వేసి, చీటీలమ్మి, జనమును కూర్పవలెనని తలంచు యువకు డొకడు కలడనుకొందము. వాని కోరికను వినగానే ఇంటిలోని తాత అడుగు ప్రశ్న మనకు ఊహింపరానిది గాదు: “ఏమప్పా, దేవుని పాటకు చీటీ పెడతావా?”

ఆ ప్రశ్నను పాతకాలపు చాదస్తమని త్రోసివేయువారు తొందరపడువారు. దానిలో మూడు ప్రశ్నలు ముడివడియున్నవి. దైవమునకై పుట్టిన పాటను మనుష్యుల నడుమ చాటింపు వేయుట భక్తికి భంగమా? పాడినవానికి ధనమిచ్చుట పాటకు వెల కట్టుటయా? పొలమునుండియు, ఉయ్యెలనుండియు, గుడిముంగిటినుండియు ఊడదీసి వేదికపై నిలిపిన పాట ఆ పాటయే యగునా, లేక దాని బొమ్మ మాత్రమా? ఈ మూటికిని సమాధానము చెప్పకయే కూటమును నడపువాడు వ్యాపారి యగును; సమాధానము చెప్పజాలక మానుకొనువాడు పాటను అవ్వతోపాటు కాటికి పంపినవాడగును.

మొదట, పల్లెలో పాట యెట్లు బ్రదికినదో చూతము. దంపుడుపాట రోకలిపోటుకు లయ. నాట్లపాట నడుము నొప్పికి మందు. మేలుకొలుపు దేవునికి, జోల బిడ్డకు, మంగళహారతి ఇద్దఱికిని. ఇందెచ్చటను ‘ప్రేక్షకుడు’ అను ప్రత్యేక జీవి లేడు. ఎల్లరును పనిలోనివారే. చిత్తూరు సీమయందును, దాని పొరుగున ఈ సీమయందును ధర్మరాజుగుడుల ముంగిట జరుగు భారతపు తిరునాళ్ళను చూచినవారికి ఈ మాట మఱింత స్పష్టముగా తెలియును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు పాశుపతమునకై తపస్సుమాను ఎక్కునాడు సంతానము గోరు స్త్రీలు తడిబట్టలతో ఆ మాని చుట్టును సాగిలపడుదురు. కడపటి దినమున మన్నుతో పోసిన మహాకాయుడగు దుర్యోధనుడు కూలును, నిప్పులగుండము తొక్కుదురు. అచ్చట వేషము కట్టినవాడు నటుడో, భక్తుడో, అర్జునుడో చెప్పుట కష్టము. క్రింద పరుండిన స్త్రీ నాటకము చూచుచున్నదో, వ్రతము చేయుచున్నదో చెప్పుట అంతకంటెను కష్టము. విరాటపర్వమును చదివించి విన్నచో వానలు కురియునని మన పెద్దలు నమ్మిరి. ఈ నమ్మికలోని నిజానిజములను విచారించుట నా పని గాదు. అందు దాగిన తత్త్వమును మాత్రము గమనింపుడు. వాన కురియుటకు చదువుట చాలదు, ఊరెల్ల కూర్చుండి వినవలెను. వినుటయే అచ్చట క్రియ.

ఇక మొదటి ప్రశ్న: చాటింపు. పాటను ప్రచారము చేయుట అహంకారమని, నిజమైన భక్తుడు ఏకాంతమున పాడుకొనునని వాదించువారు త్యాగరాజస్వామిని (1767–1847) సాక్షిగా పిలుతురు. తంజావూరు ప్రభువు పిలిపించి ధనమిత్తునన్నను ఆయన పోలేదని సంప్రదాయము చెప్పుచున్నది. ఈ సాక్ష్యము నిజమే. కాని సాక్షిని పూర్తిగా విచారింపవలెను. రాజసభకు పోనొల్లని ఆ మహానుభావుడు దేనిచే జీవించెను? ఉంఛవృత్తిచే. అనగా తంబురను మీటుచు, నామమును పాడుచు, తిరువయ్యారు వీథులలో ఇంటింటి వాకిట నిలిచి, ఇచ్చినంత బియ్యమును స్వీకరించుటచే. ఇంతకంటె బహిరంగమైన కచేరీ లోకమున వేఱొకటి గలదా? రాజసభలో వినువారు ఎన్నబడిన కొందఱు. వీథిలో వినువారు ఎన్నికకు రాని వారందఱు. ఆయన త్రోసిపుచ్చినది శ్రోతలను గాదు, శ్రోతలను వడగట్టు ద్వారపాలకుని. తెలుగు పాటను తమిళనాట ఇంటింటి గడపకు మోసికొనిపోయిన ఆ నడక మన యువకునికి అడ్డు గాదు, అతనికి దారి.

ఆ తరువాతి కథయు ఈ ప్రశ్నకు బదులు పలుకును. స్వామి సమాధి కాలక్రమమున పాడువడగా, 1920లలో దానిని తన నగలును ధనమును వెచ్చించి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆరాధనోత్సవమున స్త్రీలను పాడనీయని ఆ దినములలో ఆమె స్త్రీలచేతనే వేఱుగా పాడించి, తుదకు అందఱును ఒక్కచోట పాడునట్లు చేయుటకు కారణభూతురాలైనది. నేడు తిరువయ్యారులో వందలకంఠములు కలిసి పాడు పంచరత్నముల వెనుక ఒక స్త్రీ పట్టుదలయు, ధనమును, చాటింపును గలవు. పాటను నలుగురిలోనికి తెచ్చుటకు ఆమె పడిన పాటు భక్తికి భంగమని అనగలవారెవ్వరు?

చాటింపు లేకుండ భద్రపఱుపబడిన పాటకు ఏ గతి పట్టినదో తెలిసికొనుటకు తిరుమలకే పోవలెను. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిఱేకులపై చెక్కబడి, సంకీర్తన భాండారమను చిన్న రాతియఱలో శతాబ్దులు నిద్రించినవి. 1922లో అవి మఱల వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వానిని పరిష్కరించి లోకమునకిచ్చిరి. రాగి మోసము చేయలేదు. అక్షరములు నిలిచినవి, ప్రతిపాటకును రాగనామము సైతము నిలిచినది. నిలువనిది బాణీ. ఆ పాటను ఆచార్యుడెట్లు పాడెనో రాగి చెప్పలేదు, చెప్పజాలదు. కనుక అనంతకృష్ణశర్మ వంటివారు ఎన్నింటికో క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చినది. ఇంకొకవైపు, ఏ రాగిఱేకునకు ఎక్కని గొబ్బిపాట బాణీతోనే నేటికిని బ్రదికియున్నది. పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మొదలగు జనుల పాటలను పేర్కొన్నాడు; అతడు పేరులే చెప్పెను, పాటలను మాత్రము స్త్రీలు చెవినుండి చెవికి అందించుకొనుచు వచ్చిరి. లోహము మాటను కాచినది, చెవి పాటను కాచినది. పాటకు నిజమైన భాండారము వినువాని చెవి యని దీనిచే తేలుచున్నది.

హొసూరు సీమవారికి ఈ సత్యము పుస్తకమున చదువవలసినది గాదు. 2006వ సంవత్సరమున తమిళనాట పాఠశాలలందు తమిళమును తప్పనిసరి చేయు చట్టము వచ్చినది. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డల తరము క్రమముగా సన్నగిల్లుచున్నది. ఏలుబడిభాషను నేర్చుట తప్పు గాదు, అక్కఱయే. కాని ఇంటిభాష లిపి చేజాఱిన బిడ్డకు ఆ భాషతో మిగులు బంధము ఏది? అక్షరము పోయినచోట చెవియొక్కటే మిగులును. వేదమునకు మనవారు శ్రుతియని పేరు పెట్టిరి. అది వ్రాతకు ఎక్కక ముందు యుగములపాటు వినికిడిచేతనే నిలిచినది గదా. తెలుగు చదువరాని మత్తిగిరి పిల్లవాడు తన అవ్వ పాటను విని, పాడి, మఱియొకనికి వినిపించినయెడల, అతని ఇంటిలో తెలుగు శ్రుతిగా నిలిచియున్నట్లే. అట్టి కూటమును జరుపువానిని వినోదము అమ్మువానిగా చూడక, వేదపాఠశాలకు పందిరి వేయువానిగా చూడుట యుక్తము.

శాస్త్రమును చూతము. భాగవతము సప్తమస్కంధమున ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తిమార్గములను, పోతనగారి తెలుగుచే, మన ఇండ్లలో ఎఱుగనివారు లేరు. కాని ఆ వరుసను గూర్చి ఆలోచించువారు అరుదు. అందు మొదటిది శ్రవణము, రెండవది కీర్తనము. పాడుట కంటె వినుట ముందున్నది. పాడువాడును ఒకప్పుడు వినినవాడే గనుక ఇది సహజక్రమమని ఒక సమాధానము. నాకు తోచు సమాధానము మఱికొంత కఠినమైనది: పాడువానికి గొంతు, తాళము, మెప్పు, తాను పాడుచున్నానను ఎఱుక, ఇన్ని ఊతలు గలవు, వినువానికి తనను తాను ఖాళీ చేసికొనుట తప్ప వేఱు సాధనము లేదు. అహంకారమునకు కీర్తనమున చోటు కలదు, శ్రవణమున లేదు. కావుననే అది మొదటి మెట్టు, బహుశః అన్నింటికంటె ఎత్తైన మెట్టు. పాటకూటమును కూర్చువాడు చేయునది ఈ మొదటి భక్తికి పదిమందికి చోటు కల్పించుటయే యైనచో, ఆ పనిని దైవకార్యము గాదనుటకు నాకు నోరు రాదు.

చాటింపు సంగతియు ఆగమములకు క్రొత్త గాదు. గుడిలో బ్రహ్మోత్సవమునకు ధ్వజమెత్తునాడు భేరీతాడనమని ఒక క్రియ గలదు. భేరిని మ్రోగించి, దిక్కుదిక్కుల దేవతలను పేరుపేరున ఉత్సవమునకు పిలుతురు. దేవతలనే డప్పు కొట్టి పిలువవలసియుండగా, మనుష్యులను పిలువకుండుట ఏ మర్యాద? భరతముని నాట్యమును అయిదవ వేదమనియు, సర్వవర్ణములకును చెందినదనియు చెప్పి, కథకు ముందు పూర్వరంగమను పేర వాద్యములను అమర్చుట మొదలుకొని ఒక పెద్ద విధినే ఏర్పఱచెను. మన పల్లెలలో పెండ్లికి పిలుచుటకు తాంబూలముతో గడప యెక్కుదురు. జాతరకు ఊరంత చాటింపు వేయుదురు. వాట్సాపులో పంపిన పిలుపు ‘జరుగుచున్నది’ అని చెప్పును. ఆకువక్కలతో గడప యెక్కిన పిలుపు ‘నీవు లేక జరుగదు’ అని చెప్పును. చిన్న ఊరిలో కూటమును నడపగోరువాడు ఈ రెంటికిగల అంతరమును గ్రహించిన, గోడప్రకటనలకు వెచ్చించు ధనములో సగము మిగులును.

పిలిచిన పిదప చేయవలసిన పని అసలైనది. ఆలంకారికుడగు అభినవగుప్తుడు రసాస్వాదమునకు ఏడు విఘ్నములను లెక్కించినాడు. వానిలో ఒకటి, శ్రోత తన సొంత సుఖదుఃఖములలో మునిగియుండుట. మఱియొకటి, గ్రహించుటకు కావలసిన ఉపాయములు లోపించుట. హొసూరు సిప్కాటు పారిశ్రామికవాడలోని కర్మాగారమున పగలెల్ల నిలిచి పనిచేసి వచ్చినవాని మనస్సున వాయిదా డబ్బులు మెదలుచుండును. అది మొదటి విఘ్నము. బొంగురుపోయిన మైకు, నెత్తిన మండు దీపము, ముందు నిలిచి ఫోనుతో చిత్రించువాని వీపు, ఇవి రెండవ విఘ్నము. వాద్యము, గానము, అలంకరింపబడిన రంగస్థలము శ్రోతను తన వేదననుండి మెల్లగా వెలుపలికి తెచ్చునని ఆ యాచార్యుడే ఉపాయమును జెప్పెను. కూటమును నడపువాని ధర్మము ఇదియే: జనమును ప్రోగుచేయుట కాదు, విఘ్నములను తొలగించుట. వేయిమందికి వినబడినంత మాత్రమున విన్నట్లు గాదు. ధ్వనివర్ధకము చెవులున్న ప్రతివానిని బలవంతముగా వినజేయును. శ్రవణమునకు బలవంతము సరిపడదు. రాత్రి 10 గంటల తరువాత ధ్వనివర్ధకములను వారించు నిబంధనలు 2000వ సంవత్సరమునుండి ఉన్నవి. మైకును వాద్యమును లేక, వేపచెట్టు క్రింద ఏబదిమంది నడుమ వట్టి గొంతుతో పాడు పాటకు ఆ గడియారము లేదు.

ఇక రెండవ ప్రశ్న: ధనము. గానమును విక్రయించుట పాపమని భావించు వారికి ఒక మాట. భగవద్గీత పదునేడవ అధ్యాయమున దక్షిణ లేని యజ్ఞమును తామసయజ్ఞములలో చేర్చినారు. దక్షిణ ఋత్విజుని మంత్రమునకు వెల గాదు. కాని దక్షిణ లేక యజ్ఞము పూర్తి గాదు. వెలకును దక్షిణకును గల భేదము పరిమాణమున గాదు, సంబంధమున నున్నది. వెల ఇచ్చినవాడు ‘ఇంతటితో చెల్లు’ అని వెడలిపోవును. దక్షిణ ఇచ్చినవాడు ఋణపడినట్లు నమస్కరించి మఱల రమ్మని కోరును. హరికథలోను బుఱ్ఱకథలోను మన పల్లెలు ఈ సమస్యను తమకు తోచినట్లు తీర్చుకొన్నవి. హారతిపళ్ళెము తిరిగినది, చదివింపులు సాగినవి. సీతమ్మ అశోకవనమున కన్నీరు కార్చుచున్న ఘట్టమున కథకుడు ఆగి, ‘ఫలానావారి అబ్బాయి అయిదు రూపాయలు’ అని చదివి, మఱల కన్నీటిలోనికి పోవుట చూచి నవ్వుకొన్నవారము మనము. కాని ఆ నవ్వులో ఒక నీతి గలదు: ఊరు తన పాటగానిని ఆకలితో పంపలేదు, ఇచ్చినవాని పేరును మఱువలేదు.

బెంగుళూరు చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939నుండి రామనవమికి సంగీతోత్సవమును నడుపుచున్నది. చీటీ కొన్నవారు పందిరిలో కూర్చుందురు. కొననివారు వెలుపల రోడ్డు ప్రక్కన నిలిచి విందురు. రాముని పేర జరుగు కచేరీ రాముడు లేని కచేరీ అని ఇంతవఱకు ఎవ్వరును అనలేదు. మత్తిగిరి వంటి చోట చీటీ పెట్టవచ్చును, పళ్ళెము పెట్టవచ్చును, రెండును పెట్టవచ్చును. తప్పనిసరియైనవి రెండే నియమములు. ధనము లేదని ఎవ్వనినీ వెలుపల నిలుపరాదు. పాడినవారిని రిక్తహస్తములతో పంపరాదు. గిటారు పట్టిన యువకునికి రాకపోకల ఖర్చిచ్చి, పాట నేర్పిన అవ్వకు శాలువ కప్పి సరిపెట్టుట కడు లజ్జాకరము. శాలువ ఆకలిని కప్పదు.

మూడవ ప్రశ్న కఠినమైనది. వేదికపై పాడిన జోలపాటకు బిడ్డ నిద్రపోవునా? పోదు. రోకలి లేని దంపుడుపాటకు వడ్లు దంగునా? దంగవు. పాట మాఱినదని ఒప్పుకొనుటయే నిజాయితీ. కాని మాఱుట చచ్చుట గాదు. కావ్యమున వర్ణింపబడిన దుఃఖము ఒకని దుఃఖముగా నుండక సర్వుల దుఃఖమగుటను మన ఆలంకారికులు సాధారణీకరణమనిరి. ఉయ్యెలలో బిడ్డ లేనప్పుడు, జోలపాట వినువారందఱును క్షణకాలము బిడ్డలగుదురు. ఏబది యేండ్ల మగవాడు తన తల్లిని తలంచుకొని కన్ను తుడుచుకొనును. ఇదియు ఒక ప్రయోజనమే, ఇది పెఱటిలోని ఉయ్యెలకు చేతగాని ప్రయోజనము. అపాయము మఱియొకచోట గలదు. ఊడదీసిన పాట తాను పుట్టిన చోటును మఱచి, పాడినవాని సొత్తుగా చలామణి యగును. ఒక అవ్వ పాట పలుక పలుక పట్టణపు గొంతులోనికి చేరి, తుదకు కర్త పేరున మఱొకని పేరు మోయుట మన సినిమాలకును మన సభలకును అలవాటే.

దీనికి వైదికాచారమే ఒక విరుగుడును చూపుచున్నది. సూక్తమును పఠించుటకు ముందు దాని ఋషి యెవరో, ఛందస్సేదో, దేవత యెవరో స్మరింపవలెనని నియమము. మంత్రమును ఋషి సృష్టింపలేదు, చూచినాడు. అయినను అతని పేరు చెప్పక మంత్రము పలుకరాదు. జానపదగేయమునకు ఈ నియమమును ఏల వర్తింపజేయరాదు? పాడుటకు ముందు గాయకుడు లేచి చెప్పవలెను: ఈ పాటకు ఋషి మా ఊరి ఫలానా అవ్వ, ఆమెకు నేర్పినది ఆమె అత్త, దీని ఛందస్సు రాగులు విసరు తిరగటిరాయి నడక, దీని దేవత పొలిమేర గంగమ్మ. అనుమతియున్నచో పేరు చెప్పి, లేనిచో బంధమును మాత్రము చెప్పి, పిదప పాడిన పాటకు దొంగసొత్తు అను నింద రాదు. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుననిరి: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. అవ్వ పాటను ఆమె పేరుతో పాడువాడు మూటిని ఒక్కమారు కొంత తీర్చినవాడగును. ఏలయన ఆ పాటలో దేవతయు ఉన్నది, చూచినదియు ఉన్నది, పితృవంశమును ఉన్నది.

ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. హొసూరు చెంతనే తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి మదరాసు ప్రధానిగా నున్నప్పుడు, అంటరానివారని వెలి నిలుపబడినవారి ఆలయప్రవేశమునకు 1939లో చట్టపు అండ కలిగినది. 1947లో ఆ హక్కు మఱింత విస్తరించినది. మనిషి లోపలికి వచ్చినాడు. అతని చేతిలోని పలక యను డప్పు మాత్రము చాలచోట్ల నేటికిని పొలిమేరలోనే నిలిచియున్నది. చావుకు, జాతరకు, చాటింపునకు అది కావలెను, సభకు మాత్రము మృదంగము కావలెను. నాట్యవేదము సర్వవర్ణములదని భరతుడన్న మాటను ఉపన్యాసములలో వినిపించువారు, పలక వాయించువానిని చాపపై తమ సరసన కూర్చుండబెట్టినపుడే ఆ మాటకు విలువ. జానపదగానమును మెచ్చుకొనుచు జానపదులను దూరముంచు కూటమును నడపుటకంటె నడపకుండుట మేలు. యాజ్ఞవల్క్యస్మృతి వీణావాదన తత్త్వమును, శ్రుతిజాతులను, తాళమును ఎఱిగినవాడు అనాయాసముగా మోక్షమార్గమును పొందునని చెప్పినది. అందు తాళజ్ఞానమునకు కులమును షరతుగా పెట్టలేదు. తాళము పలకపై కొట్టినను తాళమే.

ఇట్లు విచారించి చూడగా, తాత ప్రశ్నకు సమాధానము తేలుచున్నది. దేవుని పాటకు చీటీ పెట్టవచ్చును, పెట్టకపోవచ్చును. అది చిన్న సంగతి. పిలుపులో మర్యాద ఉన్నదా, ధనములో దక్షిణభావము ఉన్నదా, పాటకు ముందు దాని ఋషి పేరు వినబడినదా, చాపపై ఎల్లరకును చోటున్నదా, వినువారికి వినుటకు తగిన నిశ్శబ్దము దొరకినదా, ఇవి పెద్ద సంగతులు. ఈ అయిదును ఉన్నచో ఆ కూటము గుడి. లేనిచో గుడిలో జరిగినను అది సంత. తాత భయపడినది చీటీకి గాదు, సంతకు. ఆ భయము న్యాయమైనది. మనుమడు దానిని గుర్తించి నడుచుకొన్న, ముందుగా వచ్చి కూర్చుండువాడు తాతయే.

మత్తిగిరిలోనో, బాగలూరులోనో, మీ ఊరిలోనో ఇట్టి కూటము జరుపదలచిన వారికి నాదొక మనవి. మొదటి తాంబూలమును పాడువారికి గాక, ఆ పాటను నేర్పిన అవ్వకు పంపుడు. ఆమెను ముందువరుసలో, చేతులకు ఆనికయున్న కుర్చీలో కూర్చుండబెట్టుడు. పాట తప్పినచోట ఆమె లేచి దిద్దిన, కోపింపక, అచ్చటనే ఆపి, ఆమె చెప్పినట్లు మఱల పాడుడు. ఇంటికి దిగబెట్టుటకు బండిని ముందే మాటాడి ఉంచుడు.